లెక్కకు రాని పుట్టుక: చైనా సమాజ పరిశోధనల మీద కొన్ని ప్రశ్నలు

తెలుగు నేల మీద చైనాను చదివిన వాళ్ళు తక్కువేమీ కాదు. 1948లో ఆంధ్ర కమ్యూనిస్టులు పార్టీ కేంద్రానికి పంపిన పత్రంలోనే మావో నూతన ప్రజాస్వామ్యాన్ని ఆధారంగా చూపారు. 1970 నాటికి చైనా ఛైర్మనే మన ఛైర్మన్ అన్న నినాదం పుట్టింది. అర్ధ వలస, అర్ధ భూస్వామ్య అనే మాటను స్టడీ సర్కిళ్ళలో ఎక్కాల్లాగ వల్లె వేయించారు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత దళిత ఉద్యమం ఒక ప్రశ్న వేసింది: ఈ సూత్రంలో మా వాడ ఎక్కడుంది? దానికి రెండు జవాబులొచ్చాయి. ఒకటి, కులం ఉపరితలంలో ఉంది, పునాది మారితే అదే పోతుంది. రెండు, చైనాలో కులం లాంటిదేమీ లేదు గనక వాళ్ళు రాయలేదు, ఇక్కడ ఉంది గనక మనం కలుపుకుందాం.

మొదటి జవాబు మీద చర్చ చాలానే జరిగింది. మేము ఇక్కడ రెండోదాన్ని పట్టుకుంటున్నాం. చైనాలో అట్టడుగున ఉన్న మనిషికి భూమి లేకపోవడం ఒక్కటే బాధా? పుట్టుక వల్లనే తక్కువైన మనుషులు అక్కడ లేరా? ఉంటే, విప్లవం తర్వాత వాళ్ళేమయ్యారు? చైనా సమాజం మీద విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధనలను ఈ ప్రశ్నలతో చదివితే ఏం కనబడుతుంది, ఏం కనబడకుండా పోతుంది అనేది ఈ వ్యాసం విషయం. చైనాలో కూడా కులం ఉందని నిరూపించడం మా ఉద్దేశం కాదు. ఆ తొందరలో ఉన్న ప్రమాదం గురించి కూడా తర్వాత మాట్లాడతాం.

మంచి జనం, నీచ జనం

చైనా రాచరికపు చట్టం జనాన్ని రెండుగా చీల్చింది. లియాంగ్‌మిన్ అంటే మంచి జనం. రైతు గానీ, చేతిపనివాడు గానీ, వర్తకుడు గానీ ఎంత పేదవాడైనా ఇందులోకే వస్తాడు. జియెన్‌మిన్ అంటే నీచ జనం. బానిసలు, వేశ్యలు, ఆటపాటల వాళ్ళతో పాటు, కొన్ని ప్రాంతాల్లో పుట్టుకతోనే ఈ ముద్ర పడ్డ సమూహాలున్నాయి. షాన్షీలో పెళ్ళికీ, చావుకీ, గుడి జాతరకీ వాయించే యుయెహు కుటుంబాలు. జెజియాంగ్ రాష్ట్రం షావ్‌షింగ్ ప్రాంతంలో దువొమిన్. దక్షిణాన గువాంగ్‌దొంగ్, ఫూజియెన్ తీరాల్లో పడవల మీదే పుట్టి పడవల మీదే బతికే దాన్ జనం. వీళ్ళతో మంచి జనం పెళ్ళిసంబంధం కలుపుకోరు. సర్కారు కొలువులకు దారి తీసే పరీక్షలకు వీళ్ళను కూచోనివ్వరు. పరీక్ష నెగ్గితే ఏ రైతు కొడుకైనా అధికారి కావచ్చునని చైనా గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పే గొప్ప ఈ గడప దగ్గర ఆగిపోయింది.

చింగ్ వంశపు చక్రవర్తి యుంగ్‌జెంగ్ 1723 నుంచి 1730 దాకా వరసగా ఫర్మానాలిచ్చి ఈ సమూహాల మీది నీచ ముద్రను చట్టంలోంచి తీసేశాడు. చరిత్రలో దీన్ని విముక్తి అన్నారు. ఆండర్స్ హాన్సన్ అనే పరిశోధకుడు 1996లో చైనా వెలివాళ్ళ మీద తెచ్చిన పుస్తకం ఈ విముక్తిని వివరంగా విప్పి చూసింది. ఫర్మానా ఇచ్చింది ఏమిటంటే, పాత వృత్తి మానేస్తే మామూలు జనంగా నమోదు చేసుకోవచ్చునన్న అనుమతి. మానేసి ఏం తినాలో అందులో లేదు. భూమి లేదు, పని లేదు. పైగా 1771లో ఇంకో నిబంధన వచ్చింది. వృత్తి మానేసినట్టు సర్కారుకు తెలిపిన మనిషి నుంచి లెక్కబెట్టి నాలుగో తరం దాకా, దగ్గరి చుట్టాలందరూ కూడా శుభ్రంగా ఉన్నారని తేలితేనే పరీక్షకు కూచోనిస్తారు. ముద్ర తీసేశామన్నారు, అది పోయిందని రుజువు చేసుకునే బరువు మాత్రం ముద్ర పడ్డవాళ్ళ నెత్తినే పెట్టారు. అంటరానితనం రద్దయిందని 1950 నుంచి రాజ్యాంగంలో చదువుకుంటున్న మనకు ఈ తంతు కొత్తగా అనిపించదు.

దువొమిన్ గురించి చైనా ఆధునిక సాహిత్యంలో పెద్ద పేరైన లూ షున్ రాశాడు. ఆయన పుట్టింది షావ్‌షింగ్‌లోనే, 1881లో. 1933లో రాసిన ఒక చిన్న వ్యాసంలో తన ఇంటి సంగతి చెబుతాడు. దువొమిన్ ఆడవాళ్ళకు కొన్ని ఇళ్ళు ఆనవాయితీగా ఉంటాయి. పండగకీ పెళ్ళికీ పోయి చాకిరీ చేసి ఇనాము తెచ్చుకుంటారు. 1911 విప్లవం తర్వాత లూ షున్ తల్లి తన ఇంటికొచ్చే దువొమిన్ ఆమెతో, ఇక మనమంతా ఒకటే, నువ్వు రానక్కర్లేదు అంది. ఆమె సంతోషించకపోగా మండిపడింది. తరతరాలుగా వస్తున్నాం, ఇక ముందూ వస్తూనే ఉంటాం అన్న అర్థంలో గట్టిగా జవాబు చెప్పింది. లూ షున్ దీన్ని బానిస మనస్తత్వంగా చదివాడు. నాలుగు డబ్బుల ఇనాము కోసం బానిసత్వాన్ని కొనుక్కునే మనుషులున్నారు చూడండి అన్నాడు. ఆయన ఎత్తిపొడుపు అసలు గురి తన కాలపు పెద్దమనుషులే, ఆ సంగతి మాకూ తెలుసు. కానీ ఆ ఎత్తిపొడుపుకు ముడిసరుకు అయింది మాత్రం దువొమిన్ ఆడమనిషే.

అదే వ్యాసంలో లూ షున్ ఇంకో సంగతి కూడా రాశాడు. ఇళ్ళకు పోయే ఈ హక్కు అత్త చనిపోతే కోడలికి వస్తుంది, ఆస్తిలాగా. మరీ పేదరికం ముంచుకొస్తే దాన్ని ఇంకొకరికి అమ్ముకుంటారు కూడా. సంగతి చెప్పాడు గానీ దాని అర్థం దగ్గర ఆగలేదు. తెలుగు పల్లెల్లో దీనికి పేరుంది, మిరాశీ అంటాం. మాదిగల మీద ఆధారపడే డక్కలి, చిందు వాళ్ళు ఏ ఊరు ఎవరిదో పంచుకునేది మిరాశీ లెక్కనే. అది అవమానం కూడా, అన్నం కూడా. భూమి లేని మనిషికి ఉన్న ఒకే ఒక్క పట్టా అది. దువొమిన్ ఆమె మండిపడింది బానిసత్వం పోతుందని కాదు. తన తిండి తీసేసి దానికి సమానత్వం అని పేరు పెట్టినందుకు. ఇంటి యజమానురాలు సమానత్వాన్ని ఒక్క మాటతో ఇచ్చేయగలదు, ఆమె చేతినుంచి ఏమీ పోదు. అవతలి ఆమెకు మాత్రం ఆ మాటతో పాటు ఇళ్ళూ పోతాయి. లూ షున్‌ను ఈ దేశంలో ఎంతోమంది అభ్యుదయ రచయితలు గురువుగా చూశారు. ఆయన్ని తక్కువ చేయాలని మాకేం లేదు. అంత నిశితమైన చూపు కూడా పెద్దింటి అరుగు మీంచి చూసినప్పుడు ఎక్కడ ఆగిపోతుందో చూపిస్తున్నాం, అంతే.

సొంత జనం అంటే ఎవరు?

చైనా సమాజశాస్త్రంలో పెద్ద పేరు ఫెయ్ షియావ్‌తుంగ్‌ది. 1936లో యాంగ్‌సీ డెల్టాలోని కాయ్‌షియెన్‌గుంగ్ అనే ఊళ్ళో ఉండి పరిశోధన చేశాడు. 1939లో అది లండన్‌లో పుస్తకమైంది. ముందుమాట రాసిన మలినోవ్‌స్కీ, ఒక దేశీయుడు తన సొంత జనాన్ని పరిశోధించిన పని అని దాన్ని మెచ్చుకున్నాడు. తెల్లవాళ్ళు వచ్చి నల్లవాళ్ళను, పచ్చవాళ్ళను చూసే కాలంలో అది నిజంగా మెచ్చుకోదగ్గ మార్పే. కానీ సొంత జనం అంటే ఎవరు? ఫెయ్ ఆ జిల్లాలో చదువుకున్న పెద్ద కుటుంబపు బిడ్డ. ఆయన అక్క ఫెయ్ దాషెంగ్ ఆ ఊళ్ళో పట్టు పరిశ్రమను బాగుచేసే పని నడిపింది. ఊరు ఆయన్ని ఆమె తమ్ముడిగా చేరదీసింది. దేశం ఒకటే అయినంత మాత్రాన చూసేవాడూ చూడబడేవాడూ ఒకటే అయిపోరు. మన దగ్గర ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు రాంపుర పరిశోధన మీద ఉన్న ప్రశ్న కూడా ఇదే. దేశీయుడు అనే ఒక్క మాట కింద బ్రాహ్మణుడు, ఊరి రైతు, వాడ మనిషి ముగ్గురూ కలిసిపోతారు.

ఫెయ్ చేసిన పనిని తోసెయ్యడానికి ఈ మాట అనడం లేదు. పల్లె ఆకలికి కారణం ఆదాయం లేకపోవడమేనని, భూమి పంచడంతో పాటు పల్లె పరిశ్రమ కావాలని లెక్కలతో సహా చూపినవాడు ఆయనే. దానికి మూల్యం కూడా చెల్లించాడు. 1952లో చైనా విశ్వవిద్యాలయాల్లో సమాజశాస్త్రాన్నే ఎత్తేశారు. మార్క్సిజం ఉండగా ఇంకో సమాజశాస్త్రం ఎందుకన్నారు. 1957లో ఫెయ్ మీద మితవాది ముద్ర వేశారు. 1979లో గానీ ఆ శాస్త్రం తిరిగి మొదలు కాలేదు. 27 ఏళ్ళ పాటు అంత పెద్ద దేశంలో సమాజాన్ని ప్రశ్నించి చదివే శాఖ లేదన్నమాట. ఆ 27 ఏళ్ళ గురించి మనకు తెలిసింది పార్టీ పత్రాల నుంచి, బయటివాళ్ళ పుస్తకాల నుంచి.

ఆ బయటివాళ్ళ పుస్తకాల్లో ఉద్యమకారులకు బాగా దగ్గరైంది విలియం హింటన్ రాసిన ఫాన్‌షెన్. షాన్షీ రాష్ట్రం లూచెంగ్ జిల్లాలో జాంగ్‌జువాంగ్ అనే ఊళ్ళో 1948లో భూసంస్కరణ జరుగుతుండగా ఆయన అక్కడున్నాడు. పుస్తకం 1966లో వచ్చింది. ఊరంతా కూచుని ఒక్కో ఇంటి వర్గం ఏదో బహిరంగంగా తేల్చుకునే ఘట్టాలు ఇప్పటికీ చదివించే శక్తి ఉన్నవి. పేద రైతు మొదటిసారి నోరు విప్పి భూస్వామిని నిలదీయడం ఎంత గొప్ప సంగతో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఆ పుస్తకానికి ఇరుసు భూమి. ఎవరికెంత ఉంది, ఎవరు ఎవరి శ్రమ తిన్నారు అనేదే కొలబద్ద.

లూచెంగ్ ఉన్నది షాంగ్‌దాంగ్ అనే ప్రాంతంలో. సరిగ్గా ఆ షాంగ్‌దాంగ్‌లోనే చియావ్ జియెన్ అనే మానవశాస్త్రవేత్త, తన తోటి పరిశోధకులతో కలిసి, యుయెహు కుటుంబాల మీద క్షేత్ర పరిశోధన చేశాడు. ఆ పుస్తకం వచ్చింది ఈ శతాబ్దం మొదట్లో. రాజు ఫర్మానా ఇచ్చి రెండువందల ఏళ్ళు దాటినా, ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా యుయెహు పెళ్ళిళ్ళు వాళ్ళలో వాళ్ళకే. దేవుడి జాతరకు వాళ్ళ వాద్యం లేకపోతే జరగదు, వాయించిన మనిషికి మాత్రం మర్యాద లేదు. డప్పు లేకుండా శవం లేవదు, డప్పు కొట్టినవాడు గడప దాటకూడదు అనే ఊళ్ళ నుంచి వచ్చిన మనకు ఇంకా వివరించాల్సిన పని లేదు. హింటన్ నుంచి చియావ్ జియెన్ దాకా అర్ధ శతాబ్దం పట్టింది. ప్రాంతం అదే. మారింది అడిగిన ప్రశ్న. భూమి ఎంత అని అడిగితే భూమి లెక్క వస్తుంది. పిల్లనెవరిస్తారు అని అడిగితే ఇంకో లెక్క వస్తుంది.

మావో 1927 హునాన్ నివేదికలో రైతును కట్టేసిన నాలుగు తాళ్ళ గురించి చెప్పాడు. రాజ్యం, వంశం, దేవుడు, ఆడవాళ్ళకైతే వీటికి తోడు మగవాడి అధికారం. అక్కడి జీవితాన్ని చూసి అక్కడివాడు తేల్చిన లెక్క అది. మన కామ్రేడ్లు ఆ నాలుగు తాళ్ళను నోటికి నేర్చారు. హునాన్ రైతు దగ్గరికి పోయి చూసినట్టు మాలపల్లికో మాదిగవాడకో పోయి ఇక్కడి తాళ్ళు ఎన్నని లెక్కబెట్టలేదు. మావో నుంచి తెచ్చుకోవాల్సింది ఆ వెళ్ళి చూసే పద్ధతిని. తెచ్చుకుంది జవాబును.

ఫారంలో రెండు కాలమ్‌లు

1949 తర్వాత చైనా రాజ్యం మనిషిని కాగితం మీద ఎక్కించడానికి రెండు కాలమ్‌లు పెట్టుకుంది. ఒకటి వర్గం. రెండోది జాతి. 1953 జనాభా లెక్కల్లో తమ జాతి పేరు చెప్పుకోమంటే 400కు పైగా పేర్లు వచ్చాయి. పరిశోధకుల్ని ఊళ్ళ మీదికి పంపి వాటిని వడగట్టారు. 1979లో జినో జనాన్ని చేర్చుకోవడంతో మైనారిటీ జాతులు 55 దగ్గర ఆగాయి. హాన్ కలుపుకుంటే 56. పడవల మీది దాన్ జనం సంగతి కూడా 1950లలో పరిశోధకులు పరిశీలించారు. వాళ్ళు హాన్ జాతే అని తేల్చారు. భాష, వంశం చూస్తే ఆ తీర్పు సరైందే కావచ్చు. కానీ దాంతో ఏమైంది? వాళ్ళు వేరే జాతి కాదు కాబట్టి జాతి కాలమ్‌లో లేరు. వర్గం కాలమ్‌లో చేపలు పట్టేవాళ్ళు అయ్యారు. తరతరాలుగా గట్టు మీద ఇల్లు కట్టుకోనివ్వని, పిల్లనివ్వని ఆ సంగతికి మూడో కాలమ్ లేదు.

షాంఘై నగరంలో ఇది ఇంకా బాగా కనబడుతుంది. ఎమిలీ హోనిగ్ 1992లో సుబెయ్ జనం మీద తెచ్చిన పుస్తకం మన విద్యార్థులు తప్పక చదవాల్సింది. జియాంగ్సు రాష్ట్రపు ఉత్తర భాగం నుంచి కరువుకూ వరదలకూ షాంఘై వలస వచ్చినవాళ్ళు సుబెయ్ జనం. రిక్షా లాగడం, మలం ఎత్తడం, క్షవరం, స్నానశాలల్లో ఒళ్ళు రుద్దడం, ఇవీ వాళ్ళకు దొరికిన పనులు. నగరంలో పెద్ద తిట్టు సుబెయ్ పంది. వాళ్ళు కూడా హాన్‌లే. మొహం చూసి ఎవరూ చెప్పలేరు. యాస, పని, పేట, వీటితోనే గుర్తుపట్టి దూరం పెట్టారు. విప్లవం తర్వాత కూడా ఆ చిన్నచూపు, పెళ్ళిళ్ళ దగ్గర ఆ వెనకడుగు పోలేదని హోనిగ్ చూపిస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, వాళ్ళంతా కార్మికులే. చైనా విప్లవానికి షాంఘై కార్మికవర్గం పెట్టింది పేరు. ఆ కార్మికవర్గం లోపలే ఒక కార్మికుడు ఇంకో కార్మికుణ్ణి పంది అన్నాడు. కులం శ్రమను విభజించడంతో ఆగక శ్రామికులనే విభజిస్తుందని అంబేద్కర్ 1936లో చెప్పిన మాట ఈ పుస్తకం చదువుతున్నంతసేపూ గుర్తుకొస్తుంది. హోనిగ్ దీన్ని జాతి అస్తిత్వం లాంటిది అని పేరు పెట్టి వివరించింది. అమెరికా విశ్వవిద్యాలయంలో అందుబాటులో ఉన్న పనిముట్టు అది. పనిని బట్టి మనిషిని అసహ్యించుకోవడం అనే ముక్క ఆ పనిముట్టుకు పూర్తిగా అందదని మా అభిప్రాయం.

ఎర్ర పుట్టుక, నల్ల పుట్టుక

1950 భూసంస్కరణ చట్టంతో 30 కోట్ల మందికి పైగా భూమిలేని, చాలని రైతులకు 70 కోట్ల మూల భూమి దక్కిందని చైనా లెక్క. ఎకరాల్లో చూస్తే పదకొండు కోట్లకు పైమాటే. ఆ క్రమంలో లక్షల మందిని చంపారు, అది దాచాల్సిన సంగతి కాదు. అట్లాగే మన దేశంలో భూసంస్కరణ చట్టాలు చేసి కూడా దళితుల్ని కూలీలుగానే మిగిల్చిన వాళ్ళకు ఆ లెక్కను చిన్నచూపు చూసే అర్హత లేదు.

సమస్య ఆ తర్వాత మొదలైంది. విముక్తికి ముందు మూడేళ్ళ స్థితిని బట్టి ఇచ్చిన వర్గం ముద్ర, భూమి పోయాక కూడా పోలేదు. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి దిగింది. గువాంగ్‌దొంగ్‌లోని ఒక ఊరి మీద ఆనిటా చాన్, రిచర్డ్ మాడ్సన్, జొనాథన్ అంగర్ 1984లో తెచ్చిన చెన్ విలేజ్‌లోనూ, ఆ కాలపు ఇతర పరిశోధనల్లోనూ ఇది వివరంగా ఉంది. భూస్వామి ముద్ర ఉన్న ఇంట్లో పుట్టినవాడు సెంటు భూమి ఎరగడు, అయినా వాడికి పిల్లనిచ్చేవాళ్ళు లేరు. 1966లో సాంస్కృతిక విప్లవం మొదట్లో పెద్ద నాయకుల పిల్లలు కొందరు దీన్ని సిద్ధాంతం చేశారు. వీరుడి కడుపున వీరుడే, ద్రోహి కడుపున ద్రోహే పుడతాడన్నారు. అదే ఏడు ఆగస్టు చివర్లో బీజింగ్ పక్కన దాషింగ్ జిల్లాలో ఈ నల్ల ఇళ్ళ వాళ్ళను 325 మందిని చంపారు. అందులో పెద్ద వయసు 80 ఏళ్ళు. చిన్న వయసు 38 రోజులు.

దీనికి ఎదురు నిలిచినవాడు యూ లువోకె. తల్లిదండ్రుల మీద మితవాది ముద్ర ఉన్నందుకు విశ్వవిద్యాలయంలో సీటు దొరకని కుర్రాడు, ఫ్యాక్టరీలో అప్రెంటిస్. పుట్టుక మీద అతను రాసిన వ్యాసం 1967 జనవరిలో విద్యార్థుల పత్రికలో అచ్చయింది. కుటుంబం మనిషి మీద ప్రభావం చూపేవాటిలో ఒకటి మాత్రమేనని, పుట్టుకను బట్టి హక్కులు పంచితే కొత్త దొరలు తయారవుతారని వాదించాడు. 1968 జనవరిలో పట్టుకున్నారు. 1970 మార్చి 5న బీజింగ్‌లో వేలమంది ముందు విచారణ తంతు జరిపి కాల్చేశారు. అప్పటికి అతని వయసు 27. 1979 జనవరిలో ఈ ముద్రలు తీసేయాలని పార్టీ నిర్ణయించింది. అదే ఏడు నవంబరులో యూ లువోకె నిర్దోషి అని కోర్టు చెప్పింది. తెలుగులో సాంస్కృతిక విప్లవం మీద కీర్తనలు, తిట్లు చాలా వచ్చాయి. పుట్టుక మీద పోరాడి చచ్చిపోయిన ఈ కార్మికుడి పేరు మాత్రం మన చర్చల్లో వినబడదు.

కులం లాంటిది అనే పోలిక

ఈ ముద్రల వ్యవస్థను ఇంగ్లీషు పరిశోధకులు చాలామంది కులం లాంటిది అన్నారు. అక్కడ మేము కాస్త ఆగుతున్నాం. వాళ్ళకు కులం ఒక ఉపమానం. మనకు ఉపమానం కాదు. ఈ ఉపమానాన్ని మన దేశంలో ఎవరు ఎట్లా వాడుకుంటారో కూడా చూడాలి. పుట్టుకను బట్టి సీట్లిస్తే రెడ్‌గార్డుల రక్త సిద్ధాంతమే కదా, రిజర్వేషన్లకూ దానికీ తేడా ఏంటి అని అడిగే అగ్రకుల మేధావి మనకు కొత్త కాదు. ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండాలి.

తేడా మూడు చోట్ల ఉంది. ఒకటి, చైనాలో ముద్ర పడ్డవాడి చేతినుంచి భూమీ అధికారం అప్పటికే పోయాయి. పేరు మిగిలింది, బలం లేదు. ఇక్కడ పైకులాల చేతిలో పేరూ ఉంది, భూమీ ఉంది, గుడీ బడీ ఉన్నాయి. రెండు, రక్త సిద్ధాంతం పుట్టుకను లెక్కబెట్టింది మనిషిని బయటికి తోయడానికి. రిజర్వేషన్ పుట్టుకను లెక్కబెట్టేది పుట్టుక వల్ల బయట ఉన్న మనిషిని లోపలికి తేవడానికి. అన్నం పెట్టడానికి తలలు లెక్కబెట్టడం, వెలేయడానికి లెక్కబెట్టడం ఒకటే అంటే ఎట్లా కుదురుతుంది? మూడు, ఆ ముద్ర ఒక ప్రభుత్వం వేసింది, 29 ఏళ్ళకు ఒక నిర్ణయంతో తీసేసింది. కులాన్ని ఏ సర్కారూ వేయలేదు. దాని వెనక శాస్త్రాలున్నాయి, మడి మైల ఉన్నాయి. ఏ జీవోతోనూ పోయేది కాదు.

చైనాకూ మనకూ నిజంగా పోల్చదగ్గ చోటు వేరే ఉంది. భూమి మారినా పుట్టుక లెక్క తనంతట తను మాయం కాదు. దాన్ని నేరుగా ఎదుర్కోకపోతే కొత్త రాజ్యం కాగితాల్లోకే అది కొత్త పేరుతో దూరుతుంది. పునాది ఉపరితలం పేరుతో మనల్ని ముప్పై ఏళ్ళు నోరు మూయించిన వాళ్ళకు చైనా ఉదాహరణే ఎదురు సాక్ష్యం చెబుతుంది.

ఊరి కాగితం

అట్లా దూరిన ఇంకో పేరు హుకౌ. 1958 జనవరి చట్టం జనాన్ని వ్యవసాయ, వ్యవసాయేతర అని రెండుగా నమోదు చేసింది. పట్నం కాగితం ఉన్నవాడికి రేషను, ఇల్లు, వైద్యం, పింఛను. పల్లె కాగితం ఉన్నవాడికి తన పొలమే దిక్కు. ఇది తల్లి నుంచి బిడ్డకు వచ్చేది, 1998 దాకా. 1959 నుంచి 1961 దాకా వచ్చిన కరువులో చచ్చినవాళ్ళు ఒకటిన్నర కోట్లని ఒకరు, నాలుగున్నర కోట్లని ఒకరు లెక్కగట్టారు. ఆ కరువులోనే తండ్రిని పోగొట్టుకున్న యాంగ్ జిషెంగ్ 2008లో తెచ్చిన పుస్తకంలో 3 కోట్ల 60 లక్షలని తేల్చాడు. ఏ లెక్క తీసుకున్నా ఎక్కువగా చచ్చింది ధాన్యం పండించిన పల్లెలే. పండించినవాడి గింజ రేషను కార్డు ఉన్నవాడి గిన్నెలోకి పోయింది.

2014లో వ్యవసాయ, వ్యవసాయేతర అనే విభజనను ఎత్తేస్తున్నట్టు చైనా ప్రభుత్వం ప్రకటించింది. చిన్న పట్నాల్లో నమోదు సులువైంది. బీజింగ్, షాంఘై లాంటి పెద్ద నగరాల్లో గేటు ఇంకా మూసే ఉంది. 2020 జనాభా లెక్కల్లో 37 కోట్ల 58 లక్షల మంది నమోదైన ఊరు వదిలి బయట బతుకుతున్నారు. వాళ్ళ పిల్లలు బీజింగ్‌లో పెరిగినా విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షకు చాలావరకు సొంత రాష్ట్రానికే పోవాలి. పెద్ద విశ్వవిద్యాలయాల్లో బీజింగ్ కాగితం ఉన్న పిల్లలకు సీటు దొరకడం మాత్రం సులువు. దాన్ని ఎవరూ కోటా అనరు. పల్లెవాళ్ళకు సుజి తక్కువ అంటారు. సుజి అంటే గుణం, నాణ్యత. ఆండ్రూ కిప్నిస్ లాంటి పరిశోధకులు ఈ మాట చరిత్రను వివరంగా రాశారు. మన దగ్గర దాని పేరు మెరిట్.

2003 మార్చిలో సున్ జిగాంగ్ అనే 27 ఏళ్ళ యువకుణ్ణి తాత్కాలిక నివాస పత్రం చేతిలో లేదని గువాంగ్‌జౌలో పట్టుకున్నారు. మూడు రోజులకు నిర్బంధంలోనే దెబ్బలకు చనిపోయాడు. దేశమంతా గొడవ లేచి, జూన్‌లో ఆ నిర్బంధ చట్టాన్ని ఎత్తేశారు. అతను డిగ్రీ చదివినవాడు. అంతకుముందు ఏళ్ళ తరబడి అదే చట్టం కింద పట్టుకుపోయిన చదువులేని కూలీల పేర్లకు అంత గొడవ లేవలేదు. ఇదీ పరిశోధకులు ఆలోచించాల్సిన సంగతే. 2017 నవంబరులో, 1966లో ఆ హత్యలు జరిగిన దాషింగ్‌లోనే, వలస కూలీలుండే భవనంలో మంటలకు 19 మంది చచ్చిపోయారు. భద్రత పేరు చెప్పి చలికాలంలో వేలమందిని ఇళ్ళల్లోంచి వెళ్ళగొట్టారు. కాగితాల్లో వాళ్ళను దిగువ స్థాయి జనాభా అన్నారు.

ఎవరు రాయాలి?

ఈ వలస కూలీల మీద మంచి పరిశోధనలున్నాయి. పున్ ఙాయ్ 1990లలో షెన్‌జెన్ ఫ్యాక్టరీలో తనే పనిలో చేరి, ఆడకూలీల మధ్య ఉండి రాసిన పుస్తకం (2005) అందులో ఒకటి. దాంతో పాటు కూలీలే రాయడం మొదలెట్టారు. ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో పనిచేసిన షు లీజి కవితలు, 24 ఏళ్ళకే 2014లో అతను ప్రాణం తీసుకున్నాక, దేశాలు దాటాయి. బీజింగ్ శివారు పీట్సున్ పేటలో కూలీలు నడుపుకునే సాహిత్య బృందం నుంచి, ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునే పనిచేసే ఫాన్ యూసు 2017లో తన కథ రాసి దేశాన్ని కదిలించింది. అదే పీట్సున్‌లో 2008లో పెట్టుకున్న కూలీల మ్యూజియంను 2023లో మూయించారు. పరిశోధనా వ్యాసాల్లో వీళ్ళను వాళ్ళు మాట్లాడారు అని ఉదహరిస్తారు. వాళ్ళు విశ్లేషించారు అని ఉదహరించడం అరుదు. అనుభవం కూలీది, సిద్ధాంతం ప్రొఫెసరుది. దళిత ఆత్మకథల్ని డేటాగా వాడుకుని, సిద్ధాంతం మాత్రం తమ పేరున రాసుకునే మన విశ్వవిద్యాలయాలతో పోల్చి చూడండి.

ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మాలాంటి వాళ్ళను దళిత విద్యార్థి దళితుల మీదే పరిశోధన చేయాలని పంపిస్తారు. చైనా, రష్యా, అమెరికా మీద చేసేవాళ్ళు వేరే. ఈ పంపకాన్ని మేము ఒప్పుకోవడం లేదు. వాడ నుంచి వచ్చిన కన్ను చైనా మీద పడితే మిరాశీ కనబడుతుంది, వాద్యగాడి గడప కనబడుతుంది, ఫారంలో లేని కాలమ్ కనబడుతుంది. అందుకోసం మన పిల్లలు చైనా భాష నేర్చుకోవాలి. ఇంగ్లీషు మీదుగా వచ్చినంతనే తిని ఊరుకోకూడదు. విద్యార్థి సంఘాలు ఫెలోషిప్పుల కోసం చేసే పోరాటంలో భాషా కోర్సుల్లో సీట్ల సంగతి కూడా చేర్చాలి. ఉపాధ్యాయులు చైనా విప్లవం పాఠం చెప్పేటప్పుడు భూమి లెక్కతో పాటు, ఎవరు ఎవరికి పిల్లనిచ్చారు, ఎవరి పని ఎవరి పిల్లలకు వచ్చింది, ఎవరు పరీక్షకు కూచున్నారు అనే మూడు ప్రశ్నలు వేయాలి. వామపక్ష మిత్రులకు ఇందులో అభ్యంతరాలుంటే రాయమని కోరుతున్నాం. జవాబు చెప్పడానికి మేము సిద్ధంగా ఉన్నాం.